‘ఆ తర్వాత’ అన్న మాటతోనే నా పేచీ

మా పక్కింటి పెద్దాయనకు జాజ్ అంటే ప్రాణం. ఆయన ముందుగది గోడ పొడవునా ఎల్పీ రికార్డులే. మేము ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి చలికాలం, ఒక ఆదివారం సాయంత్రం కాఫీకి పిలిచి ‘మెషిన్ గన్’ అనే రికార్డు వినిపించారు. 1968 మే నెలలో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో ఎనిమిది మంది కలిసి వాయించిన సంగీతం అది. మూడు సాక్సఫోన్లు గొంతు చించుకుని అరుస్తుంటే, ఇద్దరు డ్రమ్ముల వాళ్లు, ఇద్దరు బాస్ వాళ్లు, ఒక పియానిస్టు వాటిని వెనక నుంచి తరుముతూనే ఉంటారు. సాక్సఫోన్ల ముగ్గురిలో పీటర్ బ్రోట్స్‌మన్ జర్మన్, ఇవన్ పార్కర్ ఇంగ్లండువాడు, మూడో అతను ఆమ్‌స్టర్‌డామ్ కుర్రవాడు విల్లెమ్ బ్రూకర్. రికార్డు అయిపోయాక పెద్దాయన సూది ఎత్తి పక్కన పెట్టి, ఆ మూడో అతని గురించి ఒకే ఒక్క వాక్యం చెప్పారు: “ఇక్కడి దాకా ఇతను సంగీతకారుడు, ఆ తర్వాత సర్కస్ పెట్టుకున్నాడు.”

(బ్రూకర్ అని రాస్తున్నానే గాని, డచ్ వాళ్లు ఆ పేరులో పలికే అచ్చు మన అచ్చుల్లో దేనికీ సరిగ్గా ఇమడదు. ‘ఓ’ పెట్టి రాస్తే అతను ఇళ్లు అద్దెకు ఇప్పించే మనిషైపోతాడు కాబట్టి ‘ఊ’తో సరిపెట్టుకుంటున్నాను.)

ఆ మాట అనేది ఆయనొక్కరే కాదని తర్వాత తెలిసింది. ముందే కట్టిన వరసలూ తాళాలూ వదిలేసి స్వేచ్ఛగా వాయించే ఫ్రీ జాజ్‌ను ఇష్టపడేవాళ్లలో చాలామంది బ్రూకర్ జీవితాన్ని రెండు ముక్కలుగా కోసి, మొదటి ముక్కను పూజగదిలో పెట్టి, రెండో ముక్కను అటక ఎక్కిస్తారు. మొదటిది 1966లో మొదలై ఏడెనిమిదేళ్లు సాగిన తిరుగుబాటు కాలం. రెండోది 1974లో అతను పెట్టిన ‘విల్లెమ్ బ్రూకర్ కొలెక్టీఫ్’ అనే పది పదకొండు మంది బృందంతో, 2010 జూలై 23న చనిపోయే దాకా గడిపిన ముప్పై ఆరేళ్లు. ఎనిమిదేళ్లు ముప్పై ఆరేళ్ల కన్నా బరువు తూగే ఈ తక్కెడ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అయితే పెద్దాయన వాడిన మాటల్లో ‘సర్కస్’ను నేను కాదనను. అది సర్కసే. ‘ఆ తర్వాత’ అన్న మాటతోనే నా పేచీ. ఆ సర్కస్ మొదటి నుంచీ ఉంది. పైగా 1966లో అతని సంగీతం లేవనెత్తిన ఒక ప్రశ్నకు అతను ఇవ్వగలిగిన నిజాయితీ గల జవాబు అదే అని నా అభిప్రాయం.

మూడు వీధి ఆర్గన్లు

బ్రూకర్ 1944 నవంబర్ 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. డచ్ వాళ్లు ఈనాటికీ ‘ఆకలి చలికాలం’ అని పిలుచుకునే, జర్మన్ ఆక్రమణలోని ఆఖరి చలికాలం అప్పుడే మొదలవుతోంది. యుద్ధం తర్వాత ఆ నగరపు వీధుల్లో పెరిగిన పిల్లవాడికి రేడియోతో పాటు, రోజూ డబ్బు పెట్టకుండా దొరికిన సంగీతం వీధి ఆర్గన్‌ది. అది తన మీద వేసిన ముద్ర గురించి బ్రూకర్ పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు.

ఈ యంత్రం పనిచేసే తీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే బ్రూకర్ సంగీతానికి తాళంచెవి నాకు అక్కడే దొరికింది. రంగురంగుల బొమ్మలతో అలంకరించిన ఒక పెద్ద బండి అది. పక్కనున్న చక్రాన్ని తిప్పితే లోపలి తిత్తులు గాలి కొడతాయి. అదే చక్రం మడతలు మడతలుగా ఉన్న అట్ట పుస్తకాన్ని లోపలికి లాక్కుంటుంది. అట్టలో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ ఒక గొట్టం మోగుతుంది, లేదా ఒక డోలు దెబ్బ పడుతుంది. చక్రం తిప్పే మనిషి ఒకడైతే, రెండో మనిషి ఇత్తడి డబ్బాలో చిల్లర నాణేలను తాళానికి తగ్గట్టు గలగలలాడిస్తూ దారినపోయేవాళ్ల ముందు నిలబడతాడు. ఆ గలగల కూడా పాటలో భాగమే. ఆ పెట్టెకు వాల్ట్జ్, సైనిక కవాతు, ఇటాలియన్ ఒపెరా ముక్క, మొన్న రేడియోలో వచ్చిన పాట అన్న తేడా లేదు. అన్నిటినీ ఒకే గొంతుతో, ఒకే ధాటితో వాయించేస్తుంది. మెల్లగా వాయించడం దానికి రాదు. సిగ్గుపడటం అసలే రాదు.

కొలెక్టీఫ్ రికార్డులు వరసగా వింటున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ పెట్టే. కుర్ట్ వైల్ నాటక గీతం, గెర్ష్విన్ ‘రాప్సడీ ఇన్ బ్లూ’, ఎన్నియో మొరికోనె సినిమా సంగీతం, అర్జెంటీనా టాంగో, బ్రూకర్ సొంత కవాతులు, అన్నీ ఒకే ఇత్తడి గొంతుతో, పెద్దచిన్న తేడాలు లేకుండా వచ్చి పడతాయి. ఒక రికార్డుకు అతను పెట్టిన పేరు ‘డ్రీబెర్గెన్-జైస్ట్’. అది ఊట్రెక్ట్ దాటాక వచ్చే ఒక రైల్వే స్టేషన్ పేరు, అంతే. గొప్ప సంగీతం, చవక సంగీతం అనే గీతను దాటి వెళ్తున్నామన్న గర్వం కూడా అందులో వినిపించదు. ఆ గీత వీధిలో ఎప్పుడూ లేదు కదా, దాటడానికి.

ఇది 1974 తర్వాత పుట్టిన ఆలోచన అయితే పెద్దాయనే గెలిచేవారు. కాని 1960ల చివర్లో, ‘మెషిన్ గన్’ కాలంలోనే, బ్రూకర్ మూడు వీధి ఆర్గన్లను పక్కపక్కన నిలబెట్టి, వాటి శబ్దాన్ని మైకులతో పెంచి వాయించే ఒక రచన చేశాడు. పేరు ‘లంచ్ కన్సర్ట్’. ఆర్గన్‌కు ఆశువుగా వాయించడం కుదరదు. ప్రతి స్వరాన్నీ ముందే అట్టలో చిల్లు పొడిచి పెట్టాలి. ఆశువు తప్ప మరేమీ వద్దన్నట్టు జర్మన్ మిత్రులతో ఊపిరి బిగబట్టి వాయిస్తున్న కాలంలోనే, ఆశువుకు ఇసుమంతైనా చోటు లేని యంత్రానికి సంగీతం రాశాడన్నమాట. ఆ రికార్డును విడుదల చేసింది కూడా ఆశువాదులే. అతని బుర్రలో ఈ రెండూ పోట్లాడుకోలేదు. పోట్లాట మనం తర్వాత పెట్టింది.

జూన్ 14

1966 జూన్ 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో భవన నిర్మాణ కార్మికులు గొడవకు దిగారు. వాళ్ల సెలవు భత్యంలోంచి నిర్వహణ ఖర్చు కింద రెండు శాతం కోయాలని నిర్ణయించారు, అదీ యూనియన్లలో సభ్యత్వం లేనివాళ్లకు మాత్రమే. పోలీసులతో జరిగిన ఘర్షణలో యాన్ వెగెలార్ అనే కార్మికుడు చనిపోయాడు. మర్నాడు పొద్దున ‘డె టెలెగ్రాఫ్’ పత్రిక, ఆ మనిషిని చంపింది పోలీసులు కాదు, తోటి కార్మికులు విసిరిన రాయి అన్న అర్థం వచ్చేలా రాసింది. గుండె ఆగి చనిపోయాడని తర్వాత తేలింది గాని, అప్పటికే 14వ తేదీన కోపంతో ఊగిపోతున్న జనం ఆ పత్రిక భవనం మీదికి వెళ్లారు. నగరం ఆ రోజంతా అట్టుడికిపోయింది.

అదే ఏడాది లోస్‌డ్రెహ్ట్‌లో, చుట్టూ సరస్సులున్న ఆ ఊళ్లో ఏటా జరిగే జాజ్ పోటీలో, ఇరవై రెండు కూడా నిండని బ్రూకర్ ఒక పెద్ద వాద్యబృందాన్ని వేదిక ఎక్కించి ‘1966 జూన్ 14కు లిటనీ’ అనే రచన వాయించాడు. లిటనీ అంటే చర్చిలో పాదిరి ఒక్కొక్క విన్నపం చదువుతుంటే జనం ఒకే పల్లవితో బదులు పలికే ప్రార్థన. శ్రావ్యమైన స్వింగ్ వినడానికి వచ్చినవాళ్లకు ఆ శబ్దమూ నచ్చలేదు, ఆ విషయమూ నచ్చలేదు. దుమారం రేగింది. దేశానికి బ్రూకర్ పేరు తెలిసింది ఆ దుమారంతోనే.

డచ్ జాజ్ చరిత్రను ఇష్టపడేవాళ్లు ఈ ఘట్టాన్ని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోదగ్గదే. కాని నాకు ఎప్పుడూ ఒక ఇబ్బంది ఉంది. ఆ లిటనీ ఎవరి తరఫున? తాపీ పట్టుకునేవాళ్ల తరఫున. ఎవరి ముందు? జాజ్ పోటీ న్యాయనిర్ణేతల ముందు, టికెట్టు కొని వచ్చిన మధ్యతరగతి యువకుల ముందు. మార్నిక్స్ వీధిలో దెబ్బలు తిన్న కార్మికుడికి ఆ రికార్డు ఇచ్చి ఉంటే రెండు నిమిషాల్లో తీసేసి ఉండేవాడేమో. ఒక మనిషి కోసం ఏడ్చే సంగీతం ఆ మనిషికే వినబుద్ధి కాకపోతే, ఆ ఏడుపు ఎవరి కోసం?

బ్రూకర్ ఈ ప్రశ్నను ఈ మాటల్లో ఎక్కడైనా వేసుకున్నాడని నేను చెప్పడం లేదు. ఇది నేను అర్థం చేసుకున్న తీరు. కాని ఆ తర్వాత అతను చేసిన పనులన్నీ ఈ ప్రశ్న వైపే చూస్తున్నట్టు కనిపిస్తాయి. ఆ మూడు ఆర్గన్లతో సహా.

రాసిపెట్టిన సంగీతం తక్కువదా?

1967లో పియానిస్టు మిషా మెంగెల్‌బెర్గ్, డ్రమ్ముల హాన్ బెన్నింక్, బ్రూకర్ ముగ్గురూ కలిసి ‘ఇన్‌స్టంట్ కంపోజర్స్ పూల్’ పెట్టారు. అప్పటికప్పుడు రచన చేసేవాళ్ల ఉమ్మడి సంఘం అని చెప్పుకోవచ్చు. ఆశువుగా వాయించడమంటే తోచింది వాయించడం కాదు, అది కూడా రచనే, కాకపోతే కాగితం మీద కాకుండా కాలం మీద రాసేది అన్న వాదన ఆ పేరులోనే ఉంది. ఆ సంఘం మొదటి రికార్డు బ్రూకర్, బెన్నింక్ ఇద్దరే కలిసి వాయించినది. ఆరేడేళ్లకు దారులు వేరయ్యాయి. మెంగెల్‌బెర్గ్‌కు వేదిక మీద ఏం జరగబోతోందో ఎవరికీ, తనకు కూడా, తెలియకపోవడంలో ఆనందం ఉంది. బ్రూకర్‌కు రాసిపెట్టిన, సాధన చేసిన, నాటకంలా నడిపించిన సంగీతం కావాలి. అతను బయటికి వచ్చేశాడు.

ఇక్కడే ‘వెనకడుగు’ అన్న ఆరోపణ మొదలవుతుంది. స్వేచ్ఛగా వాయించినవాడు కాగితం ముందు కూర్చుంటే లొంగిపోయినట్టేనట. ఈ లెక్క నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. చిన్నప్పుడు విజయవాడ రేడియోలో కచేరీలు విన్న చెవికి, కృతి ఒకరు కట్టినదనీ, దాని ముందు రాగం, తర్వాత స్వరకల్పన గాయకుడి మనోధర్మమనీ, ఈ రెండూ ఒకే కచేరీలో ఒకదాన్నొకటి మోస్తాయనీ ఎవరూ చెప్పనక్కరలేదు. త్యాగరాజ కృతి పాడుతున్నప్పుడు గాయకుడు లొంగిపోయాడని, స్వరకల్పన మొదలుపెట్టగానే విముక్తి పొందాడని అనుకునే శ్రోత మన సభల్లో ఎవరున్నారు? జాజ్‌లో కూడా మొదటి నుంచీ ఉన్నది ఈ కాపురమే. దాన్ని విడగొట్టిందే 1960ల పంతం. కాబట్టి బ్రూకర్ వెనక్కి వెళ్లాడనడం కన్నా, విడాకులకు ఒప్పుకోలేదనడం నాకు సరిగా తోస్తుంది.

పైగా అరుపు ఎక్కడికీ పోలేదు. 1975లో బెర్లిన్‌లో రికార్డు చేసిన కచేరీ వినండి. పది మంది బిగుతుగా, పెళ్లి ఊరేగింపులా, ఒకే అడుగుతో వస్తుంటారు. ఉన్నట్టుండి ఆ నడకలోంచి బ్రూకర్ సాక్సఫోన్ విరుచుకుపడుతుంది, బ్రెమెన్‌లో అరిచిన గొంతే అది. కాకపోతే బ్రెమెన్‌లో చుట్టూ ఉన్నదంతా అరుపే కాబట్టి పది నిమిషాలకు చెవి అలవాటు పడిపోతుంది. ఇక్కడ చుట్టూ టాంగో ఉంది, జనం తల ఊపుతున్నారు, అప్పుడు పడుతుంది ఆ కేక. ‘మెషిన్ గన్’లో నేను ఉలిక్కిపడింది మొదటి అర నిమిషమే. కొలెక్టీఫ్ కచేరీలో నాలుగో పాటలోనూ ఉలిక్కిపడ్డాను. ఉలికిపాటే ఫ్రీ జాజ్ లక్ష్యమైతే, ఏది ఎక్కువ ఫ్రీ జాజ్?

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఒకరోజు నేను వింటుంటే వచ్చి కూర్చుని, ట్రంపెట్ వాయించే బోయ్ రాయ్‌మాకర్స్ ఒక గంభీరమైన వరసను మెల్లగా పట్టాలు తప్పించే చోట పకపకా నవ్వింది. తర్వాత ఆగి అడిగింది: “నాన్నా, ఆ అంకుల్ కావాలనే తప్పు వాయిస్తున్నాడా?” ఎన్ని సమీక్షలు చదివినా నాకు దొరకని మాట అది. కావాలని తప్పు వాయించాలంటే ముందు ఒప్పు ఏదో వాయించేవాడికే కాదు, వినేవాడికీ తెలిసి ఉండాలి. ఒప్పు అందరికీ తెలిసిన చోటే, అంటే కవాతులో, వాల్ట్జ్‌లో, సినిమా పాటలోనే, తప్పు పేలుతుంది. అందుకే బ్రూకర్‌కు అందరికీ తెలిసిన సంగీతం కావలసి వచ్చింది. పూర్తిగా స్వేచ్ఛగా సాగే సంగీతంలో తప్పు అనేదే ఉండదు, అక్కడ ఎనిమిదేళ్ల పిల్ల నవ్వడానికి ఏమీ దొరకదు.

తొందర ప్రైవేట్ లిమిటెడ్

ఆ కాలపు ఆమ్‌స్టర్‌డామ్‌లో సంగీతం ఎవరిది అన్నది కచేరీ హాళ్లలోనే తేల్చుకోవలసిన తగవు. 1969 నవంబర్ 17న నగరంలోని పేరున్న శాస్త్రీయ సంగీతపు హాలు కాన్సర్ట్‌హెబౌలో, వాద్యబృంద నిర్దేశకుడు హైటింక్ నడిపిస్తున్న కచేరీని ఐదుగురు యువ స్వరకర్తలు, తోడుగా కొందరు మిత్రులు, టక్కుటక్కుమనే రేకు కప్పలు నొక్కి ఆపేశారు. కొత్త సంగీతానికి అక్కడ చోటేదని అడిగారు. ఆ ఐదుగురిలో మెంగెల్‌బెర్గ్ ఉన్నాడు, లూయి ఆంద్రీసెన్ ఉన్నాడు. మూడేళ్లకు ఆంద్రీసెన్ రచన ‘డె వొల్‌హార్డింగ్’ చుట్టూ అదే పేరుతో ఒక వీధి బాణీ ఇత్తడి బృందం పుట్టింది, పుట్టినప్పుడు బ్రూకర్ అందులో ఉన్నాడు. స్వరకర్తల ప్రపంచం, జాజ్ ప్రపంచం ఒకే గదిలో ఊపిరి పీల్చిన రోజులవి. బ్రూకర్‌ను జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు అనాలా, సమకాలీన స్వరకర్త అనాలా అన్న ప్రశ్న అప్పట్లో ఆ ఊళ్లో ఎవరూ వేసి ఉండరు.

కాని నినాదం ఇవ్వడం వేరు, జీతాల లెక్క రాసుకోవడం వేరు. నాకు బ్రూకర్ మీద గౌరవం పెరిగింది ఈ రెండో పనిలో. 1971లో ఆశువుగా వాయించే సంగీతకారులు తమకంటూ ఒక వృత్తి సంఘం పెట్టుకున్నారు, దాని పొడి పేరు బిమ్. సింఫనీ వాద్యకారుడికి ప్రభుత్వం డబ్బిస్తున్నప్పుడు మాకెందుకు ఇవ్వరు అని వాళ్లు అడిగారు, కొంత సాధించారు. 1974 అక్టోబర్ 1న పాత ఫర్నిచర్ గోదాములో ఆ సంఘం సొంత కచేరీ స్థలం తెరుచుకుంది, అదే బిమ్‌హౌస్. ఈ పనుల్లో బ్రూకర్ ముందు వరసలో ఉన్నాడు. అదే ఏడాది పియానిస్టు లియో కైపర్స్‌తో కలిసి సొంత రికార్డు సంస్థ పెట్టాడు, పేరు ‘బేఫే హాస్ట్’. డచ్‌లో బేఫే అంటే మన ప్రైవేట్ లిమిటెడ్, హాస్ట్ అంటే తొందర. కొలెక్టీఫ్ కూడా ఆ సంవత్సరమే. ముప్పై ఏళ్ల వయసుకు అతని చేతిలో సొంత బృందం, సొంత రికార్డు సంస్థ, తోటివాళ్లతో ఉమ్మడిగా ఒక హాలు, ఒక సంఘం ఉన్నాయి.

‘సర్కస్’ అన్న మాటకు నేను ఒప్పుకున్నది అందుకే. సర్కస్ అంటే జోకరొక్కడే కాదు. గుడారం సొంతది, బండ్లు సొంతవి, ఊరూరా తిరగాలి, పొద్దున మేకులు కొట్టినవాడే రాత్రి తీగ మీద నడవాలి. కొలెక్టీఫ్ యూరప్ అంతా తిరిగింది, అమెరికా తిరిగింది, భారతదేశం కూడా వచ్చింది. బాస్ వాయించే ఆర్యెన్ గోర్టర్, డ్రమ్ముల రాబ్ వెర్డుర్మెన్, ఇందాకటి రాయ్‌మాకర్స్ మొదటి ఏళ్ల నుంచి దశాబ్దాల పాటు ఆ బండి దిగలేదు. ఏటా సంవత్సరాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అతిథులను పిలిచి ఒక పండుగ చేసేవారు. దాని డచ్ పేరుకు అర్థం తారాజువ్వ చివర్లో పేలే చప్పుడు.

సినిమాలకు, నాటకాలకు రాసిన సంగీతాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. కేరళలో తీసిన ‘బావిపైన కన్ను’ అనే డాక్యుమెంటరీ ద్వారా నాకు యొహాన్ వాన్ డెర్ కెవుకెన్ అనే దర్శకుడు పరిచయమయ్యాడు. వెనక్కి వెళ్లి అతని పాత సినిమాలు చూస్తే చాలావాటికి సంగీతం బ్రూకర్‌ది. ఉత్తర సముద్రతీరపు బురదనేలల మీద 1978లో తీసిన ‘చదునైన అడవి’ చూడండి. అక్కడ సంగీతం దృశ్యానికి దుప్పటి కప్పదు. దృశ్యం పక్కన నిలబడి, ఆర్గన్ బండి దగ్గర ఇత్తడి డబ్బా పట్టుకున్న మనిషిలా, చూసేవాణ్ని ఆపుతుంది.

మూడోసారి నవ్వలేదు

ఇంతవరకు నా పక్షమే చెప్పుకున్నాను. ఇప్పుడు నా పక్షానికి మింగుడు పడనివి.

మొదటిది, పేరు. కొలెక్టీఫ్ అంటే సమష్టి. కాని ఆ మాటకు ముందు ఒక మనిషి పేరు, ఇంటిపేరుతో సహా, ఉంది. రచనల్లో ఎక్కువ భాగం అతనివే, రికార్డు సంస్థ అతనిదే, ఏం వాయించాలన్నది అతని నిర్ణయమే. ‘డె వొల్‌హార్డింగ్’ వాళ్లు ప్రతిదీ కూర్చుని చర్చించి తేల్చుకోవాలని చూశారు. బ్రూకర్‌ది ఆ పద్ధతి కాదు. సర్కస్‌కు యజమాని ఉంటాడు కదా అని నేను సమర్థించుకోవచ్చు గాని, అప్పుడు ఆ పేరును ఇంకో జోకుగా తీసుకోవాలి, అది అంత మంచి జోకు కాదు.

రెండోది, డబ్బు. వీధి కోసం రాసిన సంగీతానికి వీధి డబ్బులివ్వలేదు, సాంస్కృతిక శాఖ ఇచ్చింది. ఆర్గన్ బండి దగ్గర డబ్బా గలగలలాడకపోతే ఆ సాయంత్రం ఆ మనిషికి రొట్టె లేదు. బ్రూకర్ బృందానికి అలాంటి పరీక్ష లేదు. అందుకని అది అబద్ధమని నేను అనుకోను; పాతిక ముప్పై ఏళ్లు పది మందికి పని ఇవ్వడం టికెట్ల డబ్బుతో అయ్యే పని కాదు. కాని 1966 నాటి ప్రశ్న, ఆ కార్మికుడు వింటాడా అన్నది, పూర్తిగా తీరలేదని ఒప్పుకోవాలి. హాల్లో నవ్వినవాళ్లు ఎక్కువమంది చదువుకున్నవాళ్లే అయి ఉంటారు.

మూడోది నాకు ఎక్కువ బాధ కలిగించేది. మా అమ్మాయి రెండోసారి ఆ ట్రంపెట్ దగ్గర ముందే నవ్వడం మొదలుపెట్టింది. మూడోసారి నవ్వలేదు. వేళాకోళానికి ఆయుష్షు తక్కువ. ‘మెషిన్ గన్’ను పెద్దాయన యాభై ఏళ్లుగా వింటున్నారు, ఇంకా కళ్లు మూసుకునే వింటారు. కొలెక్టీఫ్ రికార్డుల్లో కొన్నిటిని నేను నాలుగో సారికి పక్కన పెట్టాను. వేదిక మీద చూడవలసిన దాన్ని చెవులతో మాత్రమే వినడం వల్ల అలా అవుతోందేమో, నేను బ్రూకర్‌ను ఎదురుగా చూడలేదు. కాని రికార్డులు అమ్మింది అతనే కదా.

దీనికి జవాబు కాదు గాని, పక్కన పెట్టుకుని చూడవలసిన సంగతి ఒకటి ఉంది. బిమ్‌హౌస్ 2005లో నీటి ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మారింది. దాన్ని ఆనుకునే సమకాలీన సంగీతపు పెద్ద హాలు ఉంది. ఆ హాలు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టిన యాన్ వొల్ఫ్, తొలినాళ్ల కొలెక్టీఫ్‌లో ఫ్రెంచ్ హార్న్ వాయించినవాడు. బిమ్‌హౌస్ వేదిక వెనక గోడంతా అద్దమే. వాద్యకారుల తలల వెనక రైళ్లు వెళ్తుంటాయి. పోయినేడాది అక్కడ ఒక కచేరీకి వెళ్లాను. బాగా వాయించారు. మధ్యలో ట్రాంబోన్ వాయించే అమ్మాయి కాళ్ల దగ్గరున్న మూత జారి, వేదిక మీద గుండ్రంగా దొర్లుకుంటూ వెళ్లి, ఖణేల్‌మని ఆగింది. సరిగ్గా తాళం మీద. ఒక్కరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, నవ్వితే తప్పేమో అన్నట్టు అందరమూ ఇంకా బిగుసుకుని కూర్చున్నాం. ఆ మూత బ్రూకర్ వేదిక మీద దొర్లి ఉంటే దానికో సోలో దక్కేది.

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, పై మాటలన్నీ పోయిన వారం పెద్దాయనకు వినిపించాను, నా విరిగిన డచ్‌లో. మనోధర్మం సంగతి ఆయనకు బాగా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆర్గన్ల విషయంలో తల ఊపారు. ‘ఆ తర్వాత’ అన్న మాటను వెనక్కి తీసుకుంటానని కూడా అన్నారు. కాసేపు ఆగి ఇంకో మాట అడిగారు. బ్రూకర్ పోయాక కొలెక్టీఫ్ 2012లో వీడ్కోలు చెప్పి మూతపడింది. మెంగెల్‌బెర్గ్ 2017లో పోయాడు, అతని ఇన్‌స్టంట్ కంపోజర్స్ పూల్ బృందం మాత్రం ఆ తర్వాత కూడా వాయిస్తూనే ఉంది. “కాగితం మీద అంతా రాసిపెట్టినవాడి బృందం రెండేళ్లకే ఆగిపోయింది. ఏం వాయించాలో ముందే తేల్చిపెట్టడం ఇష్టం లేనివాడి బృందం ఇంకా నడుస్తోంది. నీ లెక్క ప్రకారం అది తిరగబడాలి కదా?”

కాగితాలు ఉన్నాయి కాబట్టి ఎవరైనా ఎప్పుడైనా వాయించవచ్చు అని నేను అన్నాను. ఎవరు వాయిస్తున్నారు అని ఆయన అడిగారు. నేను కాఫీ కప్పులు వంటింట్లో పెట్టి వచ్చాను.